క్షేత్రం నుండి రైతు వేదికకు ప్రత్యక్ష ప్రసారం: క్లౌడ్ ఎన్‌కోడింగ్‌లో విస్తరణ శాస్త్రవేత్త నిర్ణయాలు

జగిత్యాల జిల్లాలో వరి, పసుపు, మొక్కజొన్న, మామిడి ప్రధానమైన పంటలు. ఈ ప్రాంత రైతాంగానికి శాస్త్ర సలహా అందించడానికి పొలాసలో ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానం, వ్యవసాయ కళాశాల, కోరుట్లలో పశువైద్య కళాశాల, పొరుగున సిరిసిల్లలో వ్యవసాయ కళాశాల ఉన్నాయి. తెగులు సోకిన ఆకును చేతబట్టుకొని శాస్త్రవేత్త వద్దకు రావడం రైతులకు ఏనాటి నుండో ఉన్న అలవాటు. అయితే ఆకు ప్రయాణం చేసేలోపు వాడిపోతుంది. రైతు ఒక పని దినాన్ని నష్టపోతాడు. పైగా చేనిలో తెగులు ఏ మేరకు వ్యాపించిందో ఒక్క ఆకును చూసి చెప్పడం కష్టం.

ఈ దూరాన్ని తగ్గించే ప్రయత్నాలలో ప్రత్యక్ష దృశ్య ప్రసారం ఒకటి. తెలంగాణ ప్రభుత్వం వ్యవసాయ విశ్వవిద్యాలయ సహకారంతో 2024 మార్చి 6న ‘రైతు నేస్తం’ కార్యక్రమాన్ని ప్రారంభించి, మొదటి దశలో 110 రైతు వేదికలకు వీడియో కాన్ఫరెన్స్ సౌకర్యం కల్పించింది. రాష్ట్రంలో సుమారు 5,000 ఎకరాలకు ఒకటి చొప్పున 2,601 రైతు వేదికలు ఉన్నాయి. ప్రతి మంగళవారం శాస్త్రవేత్తలు, రైతులు తెరపై ఎదురెదురుగా మాట్లాడుకునే అవకాశం ఈ విధంగా ఏర్పడింది. దీనికి తోడు అనేక కృషి విజ్ఞాన కేంద్రాలు, కళాశాలలు క్షేత్ర దినోత్సవాలను యూట్యూబ్ వంటి వేదికల ద్వారా ప్రత్యక్షంగా చూపుతున్నాయి.

ఈ ప్రసారాల వెనుక ఎన్‌కోడింగ్ అనే ప్రక్రియ ఉన్నది. నేడు దానిలో అధిక భాగం క్లౌడ్ కంప్యూటింగ్ ద్వారా జరుగుతున్నది. సాధారణంగా దీనిని సాంకేతిక సిబ్బంది వ్యవహారంగా భావించి వదిలివేస్తాము. కానీ తెరపై మచ్చ ఆకారం కనిపించాలా వద్దా, రైతు ప్రశ్నకు సమాధానం ఎన్ని సెకన్లకు చేరాలి, ఎవరి ఫోనులో ఎంత డేటా ఖర్చు కావాలి అనే విషయాలు ఈ ప్రక్రియలోనే నిర్ణయమవుతాయి. కనుక దాని మూల సూత్రాలను విస్తరణ శాస్త్రవేత్తలు, విద్యార్థులు తెలుసుకోవడం అవసరం.

ఎన్‌కోడింగ్ ఎందుకు?

పూర్తి హెచ్‌డీ దృశ్యంలో ఒక్కొక్క చిత్రానికి అడ్డంగా 1,920, నిలువుగా 1,080 చుక్కలు, అనగా సుమారు 20.7 లక్షల చుక్కలు ఉంటాయి. ఒక్కొక్క చుక్కకు సగటున 12 బిట్లు, సెకనుకు 25 చిత్రాలు చొప్పున లెక్కిస్తే సెకనుకు దాదాపు 622 మెగాబిట్ల సమాచారం అవుతుంది. దీనిని పొలం గట్టు మీద నుండి మొబైల్ నెట్‌వర్క్ ద్వారా పంపడం సాధ్యం కాదు. ఇదే దృశ్యాన్ని సెకనుకు 4 నుండి 5 మెగాబిట్లకు కుదించే ప్రక్రియనే ఎన్‌కోడింగ్ అంటారు.

ఈ కుదింపు ముఖ్యంగా మూడు విధాలుగా జరుగుతుంది. మొదటిది, వరుసగా వచ్చే చిత్రాలలో మారని భాగాన్ని మళ్ళీ పంపకుండా మారిన భాగాన్ని మాత్రమే పంపడం. ఇందుకు నిర్ణీత వ్యవధికి ఒక పూర్తి చిత్రాన్ని పంపి, మధ్యలో వచ్చే చిత్రాలకు తేడాలను మాత్రమే నమోదు చేస్తారు. రెండవది, వెలుగులోని తేడాల కంటే రంగులోని తేడాలను కన్ను తక్కువగా గుర్తిస్తుంది కనుక, సాధారణంగా నాలుగు చుక్కలకు కలిపి ఒకే రంగు విలువను ఉంచడం. మూడవది, చిత్రంలోని అతి సూక్ష్మమైన వివరాలను కొంత మేరకు వదిలివేయడం. 2003లో వెలువడిన హెచ్.264 ప్రమాణం నేటికీ దాదాపు అన్ని ఫోన్లలో పనిచేస్తుంది. 2013లో వచ్చిన హెచ్.265 ప్రమాణం సుమారు సగం సమాచారంతోనే అదే నాణ్యతను ఇవ్వగలదు. అయితే దానికి గణన శక్తి ఎక్కువ కావాలి. పాత పరికరాలు కొన్ని దానిని చదవలేవు.

ఇక్కడ గమనించవలసిన అంశం ఒకటున్నది. క్రికెట్ ఆటకు, వార్తలకు ఈ కుదింపు వల్ల పెద్దగా లోపం కనిపించదు. సస్యరక్షణలో మాత్రం సూక్ష్మ వివరం, రంగులో స్వల్ప భేదం రెండూ రోగనిర్ధారణకు ఆధారాలే. ఎన్‌కోడింగ్ ముందుగా వదిలివేసేవి కూడా అవే.

క్లౌడ్ చేసే పని

ప్రేక్షకులందరి నెట్‌వర్క్ వేగం ఒకే విధంగా ఉండదు. రైతు వేదికలో బ్రాడ్‌బ్యాండ్ ఉండవచ్చు. బావి దగ్గర ఉన్న రైతు ఫోనుకు సిగ్నల్ అంతంత మాత్రమే అందవచ్చు. అందువల్ల ఒకే దృశ్యాన్ని పలు నాణ్యతలలో ఏకకాలంలో తయారుచేసి ఉంచుతారు. ప్రేక్షకుని పరికరం తన వేగానికి తగిన దానిని ఎంచుకుంటుంది. వేగం తగ్గితే దిగువ నాణ్యతకు, పెరిగితే ఎగువ నాణ్యతకు తానే మారుతుంది. ఈ వరుసను నాణ్యతా నిచ్చెన అనవచ్చు. ఒక నమూనా నిచ్చెన ఈ క్రింది విధంగా ఉంటుంది.

1080 వరుసలు: సెకనుకు 4.5 మెగాబిట్లు, గంటకు సుమారు 2 జీబీ
720 వరుసలు: సెకనుకు 2.5 మెగాబిట్లు, గంటకు సుమారు 1.1 జీబీ
480 వరుసలు: సెకనుకు 1.2 మెగాబిట్లు, గంటకు సుమారు 540 ఎంబీ
360 వరుసలు: సెకనుకు 0.7 మెగాబిట్లు, గంటకు సుమారు 315 ఎంబీ
240 వరుసలు: సెకనుకు 0.35 మెగాబిట్లు, గంటకు సుమారు 160 ఎంబీ
శబ్దం మాత్రమే: సెకనుకు 64 కిలోబిట్లు, గంటకు సుమారు 29 ఎంబీ

ఈ మెట్లన్నింటినీ పొలంలోని పరికరమే తయారుచేసి పంపాలంటే సెకనుకు 9 మెగాబిట్లకు పైగా అప్‌లోడ్ వేగం, శక్తిమంతమైన కంప్యూటరు, నిరంతర విద్యుత్తు అవసరమవుతాయి. క్లౌడ్ పద్ధతిలో పొలం నుండి ఒకే ఒక్క ప్రవాహం బయలుదేరుతుంది. దూరాన ఉన్న డేటా కేంద్రంలోని సర్వర్లు దానిని స్వీకరించి, విప్పి, వేర్వేరు నాణ్యతలలో మళ్ళీ కుదించి, కొద్ది సెకన్ల నిడివి గల ముక్కలుగా విభజించి, ప్రేక్షకులకు దగ్గరగా ఉన్న పంపిణీ సర్వర్లకు చేరుస్తాయి. ఈ ముక్కల పద్ధతికి 2009లో ఆపిల్ సంస్థ ప్రవేశపెట్టిన హెచ్‌ఎల్‌ఎస్, 2012లో అంతర్జాతీయ ప్రమాణంగా వెలువడిన డాష్ ప్రధానమైనవి.

యూట్యూబ్‌లో ప్రత్యక్ష ప్రసారం చేసే ప్రతి కళాశాలా ఈ విధంగా క్లౌడ్ ఎన్‌కోడింగ్‌ను వాడుకుంటున్నట్లే. ఆ వేదికలో నిచ్చెన మెట్లను మనం నిర్ణయించలేము. అమెజాన్ వెబ్ సర్వీసెస్ 2017లో ప్రారంభించిన మీడియాలైవ్ వంటి సేవలలో, లేదా అద్దెకు తీసుకున్న సర్వరుపై ఎఫ్ఎఫ్ఎంపెగ్ వంటి ఉచిత సాఫ్ట్‌వేరును నడిపినప్పుడు, ప్రతి మెట్టునూ మన అవసరానికి తగినట్లు అమర్చుకోవచ్చు. ఆ సంస్థ 2016లో ముంబైలో, 2022 నవంబరులో హైదరాబాదులో డేటా కేంద్రాల సముదాయాలను ప్రారంభించింది. కనుక ఈ పని అంతా దేశంలోనే, ఒక కేంద్రం విఫలమైతే మరొకటి అందుకొనే విధంగా జరిపించుకోవడం సాధ్యమవుతుంది.

మొదటి మైలు

క్లౌడ్‌లో ఎంతటి శక్తి ఉన్నప్పటికీ పొలం నుండి బయలుదేరిన ప్రవాహంలో లేని వివరాన్ని అది సృష్టించలేదు. 360 వరుసల మసక దృశ్యాన్ని స్వీకరించి 1080 వరుసలుగా పంపితే చుక్కల సంఖ్య పెరుగుతుందే గాని మచ్చ స్పష్టత పెరగదు. విత్తనం నాసిరకమైతే ఎంత ఎరువు వేసినా దిగుబడి రానట్లే, మొదటి ప్రవాహం లోపభూయిష్టమైతే తరువాతి దశలు దానిని సరిదిద్దలేవు.

కాబట్టి ప్రసారానికి ముందు రోజు అదే స్థలంలో, అదే సమయంలో అప్‌లోడ్ వేగాన్ని కొలవాలి. డౌన్‌లోడ్ వేగం ఇక్కడ ప్రమాణం కాదు. కొలిచిన అప్‌లోడ్ వేగంలో సగానికి మించి వాడకపోవడం క్షేమం. ఉదాహరణకు సెకనుకు 6 మెగాబిట్లు వచ్చిన చోట 3 మెగాబిట్ల ప్రవాహాన్ని నిర్ణయించుకోవాలి. రెండు వేర్వేరు కంపెనీల సిమ్ కార్డులను సిద్ధంగా ఉంచుకోవాలి.

పంపే విధానం కూడా ముఖ్యమే. చాలాకాలంగా వాడుకలో ఉన్న ఆర్‌టీఎంపీ పద్ధతిలో ఒక ప్యాకెట్ తప్పిపోతే అది మళ్ళీ చేరే వరకు వెనుకవి నిలిచిపోతాయి. ఒడిదుడుకుల నెట్‌వర్క్‌లో దృశ్యం ఆగి ఆగి వస్తుంది. 2017లో ఓపెన్ సోర్స్‌గా విడుదలైన ఎస్ఆర్‌టీ పద్ధతి నిర్ణీత గడువులోపు తప్పిపోయిన ప్యాకెట్లను మాత్రమే తిరిగి రప్పించి, గడువు దాటిన వాటిని వదిలి ముందుకు సాగుతుంది. గ్రామీణ మొబైల్ నెట్‌వర్క్‌కు ఇది అనుకూలం.

మచ్చ ఎన్ని చుక్కలు?

వరిలో సుడిదోమ పొడవు సుమారు 4 మిల్లీమీటర్లు. కెమెరా చట్రంలో ఒక మీటరు వెడల్పు గల వరి దుబ్బులు కనిపించేలా పూర్తి హెచ్‌డీలో చిత్రీకరిస్తే ఒక మిల్లీమీటరుకు దాదాపు రెండు చుక్కలు వస్తాయి. దోమ 8 చుక్కల పొడవు ఉంటుంది. ఇదే దృశ్యాన్ని రైతు తన ఫోనులో 360 వరుసల నాణ్యతలో, అనగా అడ్డంగా 640 చుక్కలతో చూస్తే దోమకు దక్కేవి రెండున్నర చుక్కలే. రంగు సమాచారం అందులోనూ సగమే కనుక దోమ రంగు దుబ్బు రంగులో కలిసిపోతుంది.

కెమెరాను దగ్గరకు తీసుకువెళ్ళి 20 సెంటీమీటర్ల వెడల్పు మాత్రమే చూపితే, అదే 360 వరుసల నాణ్యతలో దోమకు సుమారు 13 చుక్కలు లభిస్తాయి. అంటే దూరం నుండి తీసిన పూర్తి హెచ్‌డీ కంటే దగ్గర నుండి తీసిన తక్కువ నాణ్యత మేలు. దీనికి అదనపు ఖర్చు లేదు. కెమెరా పట్టిన వ్యక్తికి ఏమి చూపాలో తెలిసి ఉంటే చాలు.

ఈ స్పష్టత ఎందుకు ముఖ్యమో వరి తెగుళ్ళను ఉదాహరణగా తీసుకొని చూద్దాము. అగ్గి తెగులులో ఆకుపై నూలు కండె ఆకారపు మచ్చలు, గోధుమ రంగు అంచుతో, బూడిద రంగు మధ్యభాగంతో కనిపిస్తాయి. సిరిసిల్ల ప్రాంతపు పాఠకులకు నూలు కండె ఆకారాన్ని వివరించనవసరం లేదు. బ్యాక్టీరియా ఎండాకు తెగులులో ఆకు కొన నుండి అంచుల వెంబడి అలల మాదిరిగా పసుపు రంగుకు మారి ఎండుతుంది. మొదటిదానికి శిలీంద్రనాశని పనిచేస్తుంది. రెండవది శిలీంద్రం వల్ల వచ్చేది కాదు కనుక దానిపై శిలీంద్రనాశని పిచికారీ చేయడం వృథా. అప్పుడు చేయవలసింది నత్రజని పైపాటును తాత్కాలికంగా నిలిపివేయడం. తెరపై ఈ రెండూ ‘ఎండిన ఆకులు’గా మాత్రమే కనిపిస్తే తప్పుడు సలహాకు ఆస్కారం ఏర్పడుతుంది. ఆ పొరపాటుకు మూల్యం చెల్లించేది రైతు. మందు ఖర్చు, కూలీ ఖర్చు, కోల్పోయిన సమయం మూడూ అతనివే.

గాలి కూడా ఒక సమస్యే. గాలికి ఊగే వరి చేను ఎన్‌కోడింగ్‌కు కఠినమైన దృశ్యం. వేలాది ఆకులు వేర్వేరు దిశలలో కదులుతుంటే మారని భాగమంటూ ఏదీ మిగలదు. కేటాయించిన బిట్లన్నీ కదలికకే ఖర్చయి ఆకుపై వివరం చెరిగిపోతుంది. అందువలన లక్షణాలను చూపేటప్పుడు కెమెరాను స్టాండుపై నిలపాలి. ఆకును చేతితో కదలకుండా పట్టుకొని వెనుక తెల్లని అట్టను ఉంచాలి. అట్ట నేపథ్యాన్ని నిశ్చలం చేస్తుంది, రంగులను సరిచూసుకోవడానికి కొలమానంగానూ ఉపయోగపడుతుంది. జింకు లోపం వల్ల వచ్చే తుప్పు రంగు మచ్చలను గుర్తించేటప్పుడు ఇది ఎంతో అవసరం.

సెకనుకు ఎన్ని చిత్రాలు ఉండాలన్నది కూడా ప్రయోజనాన్ని బట్టి మారుతుంది. కదలని ఆకును చూపడానికి సెకనుకు 12 చిత్రాలు సరిపోతాయి. అప్పుడు ఒక్కొక్క చిత్రానికి రెట్టింపు బిట్లు దక్కుతాయి. కుంటుతున్న పశువు నడకను పరిశీలించవలసిన పశువైద్యునికి సెకనుకు 25 చిత్రాలు కావాలి. అక్కడ కదలికే లక్షణం. పొలాసలో పంట నిపుణుల కోసం, కోరుట్లలో పశువైద్య నిపుణుల కోసం ఒకే అమరికను వాడడం సరికాదు.

ఆలస్యం ఎక్కడిది?

కోరుట్ల నుండి హైదరాబాదు రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్నది. ఫైబర్ తీగలో కాంతి ఈ దూరాన్ని ఒకటి రెండు మిల్లీసెకన్లలో దాటుతుంది. అయినా ప్రసారం 20 నుండి 30 సెకన్లు ఆలస్యంగా కనిపించడానికి కారణం ముక్కల నిడివి. ఒక్కొక్క ముక్క 6 సెకన్లు ఉండి, ప్రేక్షకుని పరికరం మూడు ముక్కలను నిల్వ చేసుకున్న తరువాతే చూపడం ప్రారంభిస్తే అక్కడికే 18 సెకన్లు అవుతాయి. ముక్కను 2 సెకన్లకు తగ్గిస్తే ఆలస్యం తగ్గుతుంది గాని, బలహీనమైన నెట్‌వర్క్‌లో దృశ్యం తరచుగా ఆగిపోతుంది. పూర్తి చిత్రాల మధ్య వ్యవధిని 2 సెకన్లుగా ఉంచి, ముక్క నిడివిని దాని గుణిజంగా ఎంచుకోవాలి.

ఉపన్యాసానికి అర నిమిషం ఆలస్యం అడ్డంకి కాదు. ప్రశ్నోత్తరాలకు మాత్రం అది సంభాషణను దెబ్బతీస్తుంది. శాస్త్రవేత్త “ఆకును తిప్పి అడుగు భాగం చూపండి” అన్న తరువాత అర నిమిషం వేచి ఉండవలసి వస్తే పరిశీలన సాగదు. కాబట్టి పొలంలోని రైతుకు, శాస్త్రవేత్తకు మధ్య ఒక సెకను లోపు ఆలస్యంతో పనిచేసే వీడియో కాన్ఫరెన్స్ ఉండాలి. ఆ సంభాషణను క్లౌడ్‌లో ఎన్‌కోడ్ చేసి మిగిలిన ప్రేక్షకులందరికీ ముక్కల పద్ధతిలో అందించాలి. ఈ రెండింటినీ జతపరచడమే విస్తరణ కార్యక్రమాలకు అనువైన మార్గం.

ఖర్చు, సామూహిక వీక్షణం

క్లౌడ్ సేవలలో ఖర్చు రెండు చోట్ల ఏర్పడుతుంది. మొదటిది ఎన్‌కోడింగ్ నడిచిన గంటలకు. దృశ్యం రాకపోయినా సేవ తెరచి ఉన్నంతసేపు రుసుము పడుతుంది కనుక కార్యక్రమం ముగిసిన వెంటనే దానిని నిలిపివేయాలి. రెండవది ప్రేక్షకులకు పంపిణీ అయిన సమాచారానికి. ప్రేక్షకులు పెరిగే కొద్దీ ఇదే అధికమవుతుంది. గంట కార్యక్రమాన్ని 110 రైతు వేదికలు 720 వరుసల నాణ్యతలో చూస్తే సుమారు 124 జీబీ, వెయ్యి మంది ఫోన్లలో 360 వరుసల నాణ్యతలో చూస్తే సుమారు 315 జీబీ పంపిణీ అవుతుంది.

ఈ లెక్కలో మరొక విశేషం ఉన్నది. ఒక రైతు వేదికలో 50 మంది కూర్చొని 720 వరుసల దృశ్యాన్ని చూస్తే ఒక్కొక్కరికి పడే డేటా సుమారు 22 ఎంబీ. విడివిడిగా ఫోనులో శబ్దం మాత్రమే విన్నా ఒక్కొక్కరికి 29 ఎంబీ అవుతుంది. అనగా సామూహిక వీక్షణంలో తక్కువ డేటాతో స్పష్టమైన పెద్ద చిత్రం, దానితో పాటు తోటి రైతుల చర్చ కూడా లభిస్తాయి. 1975 ఆగస్టు నుండి 1976 జులై వరకు ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాలలోని సుమారు 2,400 గ్రామాలలో జరిగిన ఉపగ్రహ బోధనా టెలివిజన్ ప్రయోగం కూడా ఊరుమ్మడి టీవీ చుట్టూ సాగినదే. నాడు గ్రామం నుండి తిరిగి ప్రశ్న పంపే మార్గం లేదు. నేడు ఆ మార్గం ఉన్నది.

అయినప్పటికీ రైతు వేదికకు రాలేని వారిని విస్మరించరాదు. వృద్ధులకు, ఇంటి పనులు, కూలి పనులలో ఉన్న మహిళలకు ఫోనే ఆధారం. నిచ్చెనలో 240 వరుసల మెట్టును, శబ్దం మాత్రమే ఉండే మెట్టును తొలగించకూడదు. తెరపై ఉన్నదాన్ని మాటలతో కూడా వర్ణించే అలవాటు వక్తకు ఉండాలి. “ఇక్కడ చూడండి” అన్నచోట “ఆకు అడుగు భాగంలో, ఈనె పక్కన” అని చెబితే శబ్దం మాత్రమే వింటున్న రైతుకు కూడా విషయం చేరుతుంది.

ప్రసారానికి ముందు పాటించవలసినవి

1. కార్యక్రమ లక్ష్యాన్ని ముందుగా నిర్ణయించుకోవాలి. లక్షణాన్ని చూపాలా, పద్ధతిని చూపాలా, ప్రశ్నలకు జవాబులివ్వాలా అన్నదానిని బట్టి అమరికలు మారతాయి.
2. ముందు రోజు అదే చోట అప్‌లోడ్ వేగాన్ని కొలిచి అందులో సగం వేగానికి ప్రవాహాన్ని పరిమితం చేయాలి.
3. కాలర్ మైకును గాలి శబ్దం రాకుండా స్పాంజి తొడుగుతో వాడాలి. దృశ్యం ఆగినా మాట ఆగకూడదు.
4. నిపుణుడు చూసే దృశ్యాన్నే గాక, ఒక సాధారణ ఫోనులో 360 వరుసల నాణ్యతలో రైతు చూసే దృశ్యాన్ని కూడా ఒకరు నిరంతరం గమనించాలి.
5. స్పష్టంగా కనిపించనప్పుడు రోగనిర్ధారణ చేయరాదు. దగ్గర నుండి తీసిన నిశ్చల ఫోటోను విడిగా తెప్పించుకోవాలి. ఫోటోకు కదలిక భారం ఉండదు కనుక వివరం ఎక్కువగా నిలుస్తుంది.
6. పొలం, రైతు ముఖం చూపే ముందు రైతు అనుమతి తీసుకోవాలి.
7. క్లౌడ్‌లో నమోదైన ప్రసారాన్ని అంశాలవారీగా చిన్న భాగాలు చేసి భద్రపరచాలి. పగలు పనిలో ఉన్న రైతులు సాయంత్రం చూడగలుగుతారు.

క్లౌడ్ కంప్యూటింగ్ వల్ల ఖరీదైన పరికరాలు లేకుండానే ఒక కళాశాల లేదా కృషి విజ్ఞాన కేంద్రం రాష్ట్రమంతటికీ ప్రసారం చేయగలుగుతుంది. కుదించడం, విభజించడం, పంపిణీ చేయడం అనే శ్రమను అది తన మీద వేసుకుంటుంది. ఏ వివరం నిలవాలి, ఏది వదిలినా నష్టం లేదు అనే విచక్షణ మాత్రం పంటను, పశువును, రైతును ఎరిగిన వారి నుండే రావాలి. విద్యార్థులు తమ గ్రామీణ అనుభవ శిక్షణ కాలంలో ఒక తెగులు లక్షణాన్ని వేర్వేరు దూరాల నుండి, వేర్వేరు నాణ్యతలలో చిత్రీకరించి, ఏ దశలో గుర్తింపు తప్పిపోతున్నదో రైతులతో కలిసి పరిశీలిస్తే ఈ అంశం పూర్తిగా అవగతమవుతుంది. పంటవారీగా అటువంటి కొలతలు సిద్ధమైతే తెరపై ఇచ్చే సలహాకు పొలంలో ఇచ్చే సలహాతో సమానమైన విశ్వసనీయత చేకూరుతుంది.